కోటిలింగం గారి చదివింపులు

బసవపున్నయ్య గారు ఆ ఆదివారానికి మూడే పనులు పెట్టుకున్నారు. తొమ్మిదింటికి ఇడ్లీ తినాలి. పదింటికి హైస్కూలు ఆవరణలో జరిగే సభకు వెళ్లాలి. పదిన్నరకు తాతగారి ఉత్తరం ఒకటి మైకులో చదివించి ఊరి కళ్లు తెరిపించాలి. ఆయన కళ్లు మాత్రం ఇంకా సరిగా తెరుచుకోలేదు. వారం కిందటే సత్తుపల్లిలో శుక్లాల ఆపరేషన్ చేయించుకుని వచ్చారు. పది రోజుల దాకా నల్లద్దాలు తీయొద్దనీ, అక్షరం ముక్క చదవొద్దనీ డాక్టరు చెప్పి పంపాడు. ముప్పై అయిదేళ్లు తెలుగు పాఠాలు చెప్పిన మనిషికి ఆపరేషన్ కంటే ఆ మాటే పెద్ద బాధగా ఉంది.

ఏన్కూరు దాటి అడవి అంచు పట్టుకుని పోతే వచ్చే ఊరు తుమ్మలచెలక. ఆ ఊరి హైస్కూల్లో కొత్తగా స్టేజీ కడుతున్నారు. గోడలు లేచాయి, గచ్చు పడింది, పైకప్పు దగ్గరకొచ్చేసరికి డబ్బులు అయిపోయాయి. అందరికంటే ఎక్కువ ఎవరిస్తే వాళ్లు చెప్పిన పేరు స్టేజీ నుదుటి మీద చెక్కించాలని కమిటీ తీర్మానం చేసి, అందుకే ఆ ఆదివారం సభ పెట్టింది. పామాయిల్ తోటలూ నాలుగు లారీలూ ఉన్న జయప్రకాశ్ అయిదు లక్షలిచ్చి వాళ్ల నాన్న పేరు పెట్టిస్తానన్నాడు. వాళ్ల నాన్న మంచివాడే, కాదనలేం. కాకపోతే ఆయన జన్మలో ఒక నాటకం పూర్తిగా చూడలేదు. చూడబోయిన రెండుసార్లూ తెర లేవకముందే నిద్రపోయాడు.

బసవపున్నయ్య గారి తాత కోటిలింగం గారి సంగతి వేరు. ఆయన కృష్ణా జిల్లా నుంచి ఎడ్లబండి మీద వచ్చి ఈ అడవి అంచున నాలుగెకరాలు కొన్నారు. నాటకాలు రాసీ, ఆడించీ ఆ నాలుగూ అమ్ముకున్నారు. ఆయన పేరు నిలబెట్టింది 'అగస్త్య ప్రతిజ్ఞ'. నేను తిరిగొచ్చేదాకా ఇలాగే వంగి ఉండమని వింధ్యపర్వతానికి చెప్పి, అగస్త్యుడు దక్షిణానికి వెళ్లి మళ్లీ రాని కథ. అప్పిచ్చిన వాళ్ల దగ్గర కూడా కోటిలింగం గారిది అగస్త్యుడి పద్ధతేనని గిట్టనివాళ్లు అనేవారు.

గిట్టనివాళ్లు అన్నారు గానీ, అన్నది నిజమే. ఆ సంగతి బసవపున్నయ్య గారికి తెలుసు. ఇంట్లో రేకుపెట్టె నిండా తాతగారి ఉత్తరాలున్నాయి, ఆ ఉత్తరాల నిండా డబ్బు కష్టాలున్నాయి. ఆ రోజుల్లో కాగితం ప్రియం. మనిషి చేత ఉత్తరం పంపితే, అందుకున్నవాడు దాని వెనకాలే జవాబు గీకి ఆ మనిషి చేతే తిప్పి పంపేవాడు. అందుకని కోటిలింగం గారు అడిగిందీ, లోకం లేదన్నదీ ఒకే కాగితం మీద ఇంటికొచ్చి చేరాయి. మనవడు మాత్రం "మా తాత ఒకరి ముందు చెయ్యి చాచి ఎరగడు" అని నలభై ఏళ్లుగా ఊరందరికీ చెబుతూ వచ్చారు. మొదట్లో ఆ మాట అంటుంటే గొంతు కాస్త తడబడేది. పోను పోను అదీ మానేసింది.

డబ్బు ఊసు లేని ఉత్తరం ఆ పెట్టె మొత్తానికీ ఒక్కటే ఉంది. ఏదో పద్యం ఏ రాగంలో ఎత్తుకోవాలో శిష్యుడికి వివరించిన ఉత్తరం. ఆపరేషన్‌కు ముందే ఆయన దాన్ని ఏరి పైన పెట్టుకున్నారు. ఇంట్లో అయిదు లక్షలెటూ లేవు, కనీసం తాతగారి విద్వత్తు వినిపిస్తే కమిటీ మనసు మారదా అని ఆశ. కమిటీ అధ్యక్షురాలు, హెడ్మిస్ట్రెస్ సరళ టీచర్ని రెండుసార్లు బతిమాలితే పది నిమిషాలు ఇచ్చింది. ఆ పది నిమిషాల్లో తాతగారి పేరు నిలబడకపోతే ఇంకెప్పటికీ నిలబడదని ఆయనకు గట్టిగా అనిపించింది.

"ఏమండీ, ఈ కాగితం మధ్యకి చినిగిందండీ. అంచులు చెదలు కొట్టేశాయి," అంది సుబ్బరత్నం గారు పెట్టె ముందు కూర్చుని.

"ఉన్నది ఉన్నట్టు కవర్లో పెట్టు. మిగతావి కదపకు."

సుబ్బరత్నం గారు యాభై ఏళ్లుగా ఆ మిగతావి కదపలేదు. మా తాతగారి కాగితాలు ఆడవాళ్లు చదవకూడదని కొత్త కాపురంలో భర్తే ఆంక్ష పెట్టాడు. ఎందుకు పెట్టాడో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది, ఆవిడకు తెలియదు. నలుగురిలోకి పోయే మనిషి చినిగిన చొక్కా వేసుకుని పోతాడా? నలుగురిలోకి పోయే కాగితమైనా అంతే కదా! ఆవిడ చదవకుండానే, చేతిరాత చూసి, అన్నిటికంటే శుభ్రంగా ఉన్నది ఒకటి ఏరి కవర్లో పెట్టింది. అక్షరాలు ముత్యాలు పేర్చినట్టున్నాయి, ఒక్క కొట్టివేత లేదు. అప్పు అడిగే ఉత్తరాన్నే ఎవరైనా అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తారన్న సంగతి పాపం ఆవిడకు తట్టలేదు.

సభలో మైకు దగ్గర పగిడయ్య ఉన్నాడు. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో పెళ్లయినా, ఓణీల ఫంక్షనైనా చదివింపులు చదివేది పగిడయ్యే. పక్కన చందూలాల్ నోటుబుక్కూ స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చుంటాడు. కార్యం ఎవరిదో వాళ్ల పేరు పేజీ నెత్తిన రాసుకుంటాడు. ఆ తర్వాత పగిడయ్య నోటి నుంచి పేరూ అంకే వస్తే చాలు, అతని పెన్ను దానంతటదే నడుస్తుంది. పగిడయ్య గొంతులో రూపాయి అన్న మాట వినపడితే నాలుగు మండలాల చేతులు జేబుల్లోకి పోతాయి. ఇరవై ఏళ్ల అలవాటు అది. అలాంటి మనిషి చేతికి ఉత్తరం ఇవ్వకూడదని ఎవరైనా ముందే ఆలోచించాల్సింది, ఎవరూ ఆలోచించలేదు.

"పగిడయ్యా, గొంతు మామూలుగా పెట్టి చదువు. పెళ్లి గొంతు వద్దు," అని బసవపున్నయ్య గారు కవరు అందించారు.

"అవ్ సారూ, నాకెరికే. ఫికర్ చెయ్యకుండ్రి. నేను చదివిన్నంటే మీ తాత లేసి రావాలె," అని పగిడయ్య మైకు మీద రెండుసార్లు ఊదాడు.

బసవపున్నయ్య గారు ముందు వరసలో భార్య పక్కన కూర్చుని, నల్లద్దాల వెనక కళ్లు మూసుకున్నారు. రాగం గురించిన ఉత్తరం ఆయనకు కంఠతా వచ్చు. మొదటి మాట కోసం ఎదురుచూశారు.

"శ్రీయుత... ఈడ పేరు లేదు, జాగ ఇడిచిపెట్టిండ్రు... గారికి కోటిలింగము నమస్కరించి వ్రాయు విన్నపము. మేము ఇక్కడ క్షేమమని వ్రాయుట వాడుక గనుక వ్రాసితిని. నాటకమునకు తెరలు చినిగినందున, లోపల పాత్రధారులు బీడీలు కాల్చుట సభవారికి కనపడుచున్నది. అగస్త్యుని గడ్డమును ఎలుకలు కొట్టినవి. హార్మోనియం వాడు జీతము రాలేదని పెట్టె పట్టుకుపోయినాడు. ఇంట్లో పిల్లల అన్నము మాట మరియొకసారి విన్నవించుకొందును, ముందు తెరల మాట చూడవలెను. తమరు పెద్ద మనసు చేసి..."

ఇక్కడ పగిడయ్య కళ్లకు అంకె కనపడింది. కనపడగానే మనిషి చేతిలో లేకుండా పోయాడు. గొంతు దానంతటదే పెళ్లి గొంతైంది.

"నూటా... పదహార్లూ! నూటా పదహార్లూ!"

కునికిపాట్లు పడుతున్న చందూలాల్ ఉలిక్కిపడి కొత్త పేజీ తిప్పాడు. కార్యం ఎవరిదని పక్కవాణ్ని అడిగి, నెత్తిన 'శ్రీ కోటిలింగం గారికి చదివింపులు' అని గుండ్రంగా రాశాడు.

బసవపున్నయ్య గారు ఉత్తరాన్ని గుర్తుపట్టారు. ఇది తాతగారు పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలి, ఒకే కాగితాన్ని ఇల్లిల్లూ తిప్పించిన ఉత్తరం. పెట్టెలో ఉన్నవాటిలోకెల్లా పరువు తక్కువది. ఆయన లేచి నిలబడి, ఆపమన్నట్టు చెయ్యి గాల్లో అటూ ఇటూ ఊపారు. నాటకాలు మరిగిన ఊరు అది. పద్యం మధ్యలో పెద్దమనిషి లేచి చెయ్యి ఊపితే దానికి అక్కడ ఒకటే అర్థం.

"వన్స్‌మోరట!" అన్నాడు పగిడయ్య సంతోషంగా. మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఈసారి ఎలుకల దగ్గర గొంతు వణికించాడు, పిల్లల అన్నం దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆడవాళ్లు కొంగులు తీశారు.

"నేనే మార్చానండీ, శుభ్రంగా ఉందని," అంది సుబ్బరత్నం గారు నీళ్లు నమిలి.

"ఎనక గూడ రాసుంది సారూ!" అని పగిడయ్య కాగితం తిప్పాడు. "ఈ ఏడు మిరపకు తెగులు తగిలినది, మన్నించవలెను. ఇట్లు, నర్సయ్య పటేలు."

సభ వేదిక మీదికి చూసింది. నర్సయ్య పటేలు సరళ టీచరుకు సొంత తాత. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"దాని కింద ఇంకొకటి. నేను ఊళ్లో లేను. ఇట్లు, గోపయ్య."

ఒక్క క్షణం ఎవరికీ ఎక్కలేదు. ఎక్కిన తర్వాత షామియానా ఎగిరిపోయేటంత నవ్వు లేచింది. లేనని రాసి, రాసినవాడే కింద సంతకం పెట్టిన గోపయ్య సాక్షాత్తూ జయప్రకాశ్ తాత. అయిదు లక్షల చెక్కు జేబులో పెట్టుకుని, తెల్ల ఖద్దరు చొక్కాలో మెరిసిపోతూ వచ్చిన జయప్రకాశ్ నవ్వబోయి, సగంలో ఆపుకున్నాడు.

"ఇగ ఆఖర్ల రాత లేదు. వేలిముద్ర ఉంది. తీసుకపోయిన మనిషి పక్కన రాసిండు. పెద్ద దూలయ్య వేలిముద్ర, జొన్నలు రెండు బస్తాలు ఇచ్చినాడు."

షామియానా గుంజ పక్కన నిలబడ్డ ఒక మనిషి ముందుకు కదిలాడు. పందిరికి వెదుళ్లు తెచ్చిన దూలయ్య, అడవి లోపలి గూడెం వాడు. తాత పేరే పెట్టారు అతనికి. అతను వేదిక దాకా వచ్చి, ఎక్కకుండా కిందనే నిలబడ్డాడు.

"గది జరంత నాకు చూపెట్టున్రి."

పగిడయ్య కాగితం వంచి పట్టుకున్నాడు. దూలయ్య చాలాసేపు చూశాడు.

"మా తాతది ఫోటో లేదు, ఏం లేదు. గీ వేలొక్కటే మిగిలిందన్నట్టు," అన్నాడు. తర్వాత బొడ్లో నుంచి మడత నోట్లు తీశాడు. "చందూలాలూ, నూటపదహార్లు రాస్కో. ఆ తెరలకు."

"దూలయ్య గారూ... నూటా పదహార్లూ!" అని పగిడయ్య గొంతు మోగింది. ఆ పేరు వెనక గారు అని మైకులో వినపడటం ఆ ఊళ్లో అదే మొదలు.

ఇక ఆగలేదు. ఆనాడు ఇచ్చినవాడి మనవడే మళ్లీ ఇస్తే, లేదన్నవాళ్ల మనవలు ఎలా కూర్చుంటారు? సరళ టీచర్ మైకు దగ్గరకు వచ్చింది. "మా తాత మిరపకు నిజంగానే తెగులు తగిలిందేమో, నాకు తెలియదు. నా జీతానికి తెగులేం లేదు. అయిదు వేలు రాయి," అంది. అంతకంటే పెద్ద గొడవ వెనక వరసల నుంచి వచ్చింది. ఒకాయన లేచి, "అంటే మా తాతను అసలు అడగనే లేదా? మా ఇల్లు ఆయన కంటికి ఇల్లు లెక్క కనపడలేదా?" అని అవమానంతో ఊగిపోతూ రెండువేల నూటపదహార్లు చదివించాడు. దాంతో అడగబడని తాతలు గలవాళ్లందరూ వరసలో నిలబడ్డారు. చేతిలో నోట్లు లేనివాళ్లు ఫోన్లలో డబ్బు కొట్టారు. పగిడయ్య చదువుతూనే ఉన్నాడు, చందూలాల్ రాస్తూనే ఉన్నాడు.

బసవపున్నయ్య గారు కుర్చీలో బిగుసుకుపోయి ఆ పేర్లన్నీ విన్నారు. చచ్చిపోయి ఇన్నేళ్లయినా తాత ఇంకా అడుక్కుంటూనే ఉన్నాడన్నది ఒక బాధ. ఒక్క బస్తా జొన్నలైనా తిరిగి ఇచ్చిన గుర్తు పెట్టెలో ఎక్కడా లేదన్నది రెండో బాధ.

అప్పుడు ఎవరో గిట్టనివాడు వెనక నుంచి అరిచాడు. "జయప్రకాశ్ ఊళ్ల ఉన్నడా, లేడా?"

మళ్లీ నవ్వులు. జయప్రకాశ్‌కు చెవుల దాకా ఎరుపెక్కింది.

"ఉన్నడు! మా తాత గూడ ఊళ్లెనే ఉన్నడు!" అని గావుకేక పెట్టి వేదిక మీదికి దూకాడు. చెక్కు తీసి స్టీలు డబ్బాలో కొట్టాడు. "రాయి చందూలాల్! అయిదు లక్షలు రాయి! చదువు పగిడయ్యా, ఊరంతా ఇనపడాలె!"

పగిడయ్య జన్మలో అంత అంకె చదవలేదు. ముందు దగ్గి గొంతు సవరించుకున్నాడు. "మహాకవి కోటిలింగం గారికి... శ్రీ జయప్రకాశ్ గారు... అయిదూ... లక్షలూ!" అని ఒక్కసారి కాదు, మూడుసార్లు చదివాడు. మూడోసారికి బడి వెనక టేకు చెట్ల మీది కొంగలు లేచిపోయాయి.

చప్పట్లు సద్దుమణిగాక సరళ టీచర్ నోటుబుక్కు అందుకుంది. మొత్తం అయిదు లక్షల అరవై మూడు వేల చిల్లర తేలింది. పైకప్పుకు సరిపోతుంది, తెరలకూ మిగులుతుంది. ఇక తీర్మానం ప్రకారం ఎక్కువ ఇచ్చిన దాత ఎవరో చూడాలి. ఆవిడ పేజీ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది.

"చందూలాల్, ఇదంతా ఒక్కరి పేరు మీదే ఉందేంది?"

"అవ్ మేడం. కార్యం వాళ్లదే గద."

జయప్రకాశ్ బుక్కు లాక్కుని పేజీ నెత్తిన చూశాడు. "అరె, నా చెక్కు మా నాన్న పేరు మీదిది! దీన్ల ఎట్ల కలిపినవ్?"

"మీరే రాయమంటిరి, చదవమంటిరి," అన్నాడు పగిడయ్య వినయంగా. "మైకుల చదివినంక ఎవరి కార్యమైతే వాళ్లయే సేటూ. పెండ్లిల మీరు చదివించినయి పెండ్లికొడుకుయి గావా?"

నాలుగు మండలాల్లో చదివిన చదివింపును వెనక్కి తీసుకున్న మనిషి అప్పటిదాకా లేడు.

బసవపున్నయ్య గారు లేచారు. సుబ్బరత్నం గారి చెయ్యి పట్టుకుని మెట్లు వెతుక్కుంటూ ఎక్కి మైకు అందుకున్నారు.

"ఆ అయిదు లక్షలూ జయప్రకాశ్‌వి. స్టేజీకి వాళ్ల నాన్నగారి పేరే పెట్టండి. మా తాత చెయ్యి చాచి ఎరగడని మీ అందరికీ నలభై ఏళ్లు చెప్పాను. అబద్ధం. ఆయన చాచిన చెయ్యి చాచినట్టే పోయాడు. ఇంట్లో పెట్టెలో ఇలాంటివి అరవై రెండున్నాయి. నాకు సిగ్గేసి దాచాను. కానీ ఒక్కటి చెప్తాను. ఆ అరవై రెండిట్లో ఇంట్లోకి బియ్యం కోసం రాసింది ఒక్కటీ లేదు. అన్నీ తెరలకే. అన్నీ గడ్డాలకే."

నల్లద్దాల కింద నుంచి నీళ్లు కారాయి. ఏడవొద్దని కూడా డాక్టరు చెప్పే ఉంటాడు. జయప్రకాశ్ కాసేపు డబ్బాలోని చెక్కునూ, కాసేపు జనాన్నీ చూసి, బసవపున్నయ్య గారి భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు.

"కూర్చో బాబాయ్. మా తాత ఒక్కసారి లేనన్నందుకు ఎనభై ఏండ్లకు పట్టుకొచ్చి మైకుల చదివిండ్రు. ఇయ్యాల నేను వాపస్ తీసుకుంటే మా మనుమల ముందర చదవరా? ఉండనీ. మీ తాత పేరే ఉండనీ."

సభ ముగిశాక బసవపున్నయ్య గారు దూలయ్యను పిలిపించుకున్నారు. "మీ జొన్నలు తిరిగిచ్చినట్టు నాకెక్కడా కనపడలేదు దూలయ్యా."

"ఇయ్యలే సారూ. మా నాయిన చెప్పెటోడు," అన్నాడు దూలయ్య మామూలుగా. "నాటకం గూడేనికొచ్చి మూడు దినాలు ఆడిపోయిండట. ఇంకేమియ్యాలె?"

ఇంటికి నడిచేటప్పుడు సుబ్బరత్నం గారు మళ్లీ మొదలుపెట్టింది. "మీరు కదపొద్దన్నా వినకుండా..."

"డాక్టరు ఇంకా మూడు రోజులు చదవొద్దన్నాడు," అన్నారాయన. "అన్నం తిన్నాక ఆ పెట్టె తెచ్చుకుని కూర్చో. మిగతా అరవై ఒకటీ నువ్వే చదివి వినిపించు."

సోమవారం నాడు బడి గుమాస్తా పుస్తకం ప్రకారం రసీదు రాశాడు. శ్రీ కోటిలింగం గారి నుండి స్టేజీ నిమిత్తం అయిదు లక్షల అరవై మూడు వేల నూటపదహారు రూపాయలు ముట్టినవని రాసి, స్టాంపు అంటించి, సరళ టీచర్ సంతకం పెట్టించాడు. కోటిలింగం గారి పేరు మీద రసీదు పుట్టడం అదే మొదలు. అంతకు ముందు పుట్టినవన్నీ ప్రోనోట్లే.